తెల్లంచు టైర్లు

సూరత్‌లోని ఉధ్నాలో మరమగ్గాల మీద దిగే బట్టకు అంచు ఉండదు. ఒకటే తెలుపు, అదీ మాసిన తెలుపు, తానులకు తానులు దిగుతుంది. టెంపోలకెక్కి రంగుల మిల్లుకు పోతుంది. అక్కడ ఎవరో దాని మీద పువ్వులు అచ్చు గుద్దుతారు. ఇన్నేళ్ళు ఆ మగ్గాల మధ్యనే బతికినా పరుశురాం ఆ పువ్వులను చూసింది తక్కువ.

ఆయన సాలె ఇంట పుట్టినవాడు. ఊరు ఆర్మూరు దగ్గర. తండ్రి కాలంలో ఇంట్లో చేతిమగ్గం ఆడేది, దాని మీద అంచు చీర దిగేది. సూరత్‌కు వచ్చిన కొత్తలో పరుశురాం నూలు బాబిన్లు మోశాడు. ఇప్పుడు మాస్టరు. ఆగిపోయిన మగ్గం దగ్గరికి ఆయనను పిలుస్తారు. ఆయన వంగి చెవిపెట్టి విని, ఎక్కడో ఒకచోట బిగిస్తాడు. అది కదులుతుంది.

ఉధ్నాకు దగ్గర్లోనే భేస్తాన్‌లో ఒక గది. రెండేళ్ళ నుంచి ఆ గదిలో ఒక్కడే ఉంటున్నాడు.

కూతురు నిఖిత పురిటికని భార్య సంతోషి ఆర్మూరు పోయింది. మూడు నెలల్లో వస్తానన్నది. నిఖిత అక్కడ నర్సు, అల్లుడు మస్కట్‌లో ఉంటాడు. పురుడు అయింది. పిల్లవాడు బోర్లా పడ్డాడు, పాకాడు, నడిచాడు. నిఖిత డ్యూటీకి పోతే వాణ్ణి పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి సంతోషి. పిల్లవాడు పడుకున్నప్పుడు పక్కిళ్ళ ఆడవాళ్ళతో కూర్చుని బీడీలు చేస్తుంది. ఇందులో ఎవరి తప్పూ లేదు. అందుకే పరుశురాంకు ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియదు.

రాత్రి షిఫ్టు దిగి గదికి వచ్చాక పొద్దున ఫోను చేసేవాడు.

"తిన్నవా?"

"తిన్న. నువ్వు?"

"తింట ఇగ. పిలగాడు?"

"మంచిగున్నడు."

ఆ తరువాత ఇద్దరికీ మాట దొరికేది కాదు. తెల్లవార్లూ మగ్గాల చప్పుడు విన్న చెవులకు ఆ నిశ్శబ్దం నొప్పిగా ఉండేది. ఉంట మరి, అని పెట్టేసేవాడు.

అట్లాంటి రోజుల్లో బండి వచ్చింది. హజీరాలో ఇంజనీరుగా చేసే రాధాకృష్ణ సారు బదిలీ మీద పోతూ తన మోటారుసైకిలును పరుశురాంకు అమ్మాడు. దూరాలు పోవడానికి చేసిన బండి అది. వెడల్పాటి సీటు, వెనక కూర్చున్నవాళ్ళు ఒరగడానికి మెత్తటి దిండు, పక్కలకు రెండు తోలు సంచులు. టైర్లు మాత్రం అరిగి గుండ్రాయిలా నున్నబడ్డాయి.

దీపావళికి సూరత్ మగ్గాలన్నీ ఆగుతాయి. పనివాళ్ళంతా ఊళ్ళకు కదులుతారు, ఉధ్నా స్టేషనులో కాలు పెట్టే సందుండదు. ఈసారి రైలు ఎక్కొద్దనుకున్నాడు పరుశురాం. ధూలే, జల్‌గావ్, అకోలా, నాందేడ్ మీదుగా ఈ బండి మీదే పోతాడు. తిరిగి వచ్చేటప్పుడు వెనక సంతోషి ఉంటుంది.

ఆమె బండి ఎక్కింది ఒక్కసారే. ఒక ఆదివారం తోటి పనివాడు రఘుపతి స్కూటరు అడిగి తీసుకుని సముద్రపొడ్డుకు, డుమస్ పోయారు. గుంత వచ్చిన ప్రతిచోటా ఆయన "పట్టుకో" అన్నాడు. ప్రతిసారీ ఆమె "పట్టుకున్న" అన్నది. సముద్రం దగ్గర టమాటా భజ్జీలు తిని పొద్దు గుంకకముందే వచ్చేశారు. ఆయనకు సముద్రం అంతగా గుర్తు లేదు. "పట్టుకున్న" అన్న మాట గుర్తుంది.

బండి మీద వస్తున్నానని చెప్పాడు గానీ, ఆమెను వెంట తీసుకొచ్చే సంగతి సంతోషికి చెప్పలేదు. చెబితే ఆమె కాదనవచ్చు. చెప్పనంత వరకు కాదనలేదు.

టైర్ల దుకాణం హస్ముఖ్ భాయ్‌ది. ఆయన రెండు టైర్లు తెచ్చి గోడకు ఆనించాడు. ఒకటి అంతా నలుపు. ఇంకోదానికి పక్క గోడ మీద చుట్టూతా తెల్లపట్టీ, రెండు వేళ్ళ వెడల్పు.

"నడకలో రెండూ ఒకటే మాస్టర్," అన్నాడు హిందీలో. "నల్లది వేసుకుని మరిచిపోవచ్చు. తెల్లది పెండ్లాం లాంటిది. రోజూ పలకరించాలి."

పరుశురాం చెయ్యి దానంతట అదే తెల్లపట్టీ మీదికి పోయింది. సాలోళ్ళకు ఏ బట్ట చేతికిచ్చినా ముందు అంచే పట్టి చూస్తారు. రేపు చెబుతానని వచ్చేశాడు.

మరునాడు ఫోనులో, తిన్నవా మాటలు అయిపోయాక, టైర్ల ముచ్చట తీశాడు.

"టైరుకు అంచా?" అన్నది సంతోషి.

"ఆఁ. తెల్లంచు. రెండు వేళ్ళ మందం."

"నల్ల నేతకు తెల్లంచు మంచిగుంటది."

"మాస్తదే. ఈడ రోడ్లు నీకెరికే గద."

"మాయంది ఏమున్నది. ఉతుక్కోవాలె."

"టైరును ఉతుకుతరా ఎవలన్న?"

"ఉతుకు. నా చీరెలు ఉతికినవా ఎన్నడన్న? గా పని చేసినా పుణ్యమే."

ఆ పొద్దు ఆయన వడ్డించుకున్న అన్నం చల్లారిపోయింది.

అప్పటి నుంచి రోజూ టైర్లే. తెల్లది వేస్తే పల్లెల్లో పిల్లలు గోళ్ళతో గీకుతారని ఆయన అంటే, నల్లది వేస్తే ఊళ్ళో ఎవరూ తిరిగి చూడరని ఆమె అన్నది. ఒక రోజు బీడీల దగ్గర అందరినీ అడిగానని చెప్పింది.

"పద్మారాణి నల్లటియే అన్నది. దానికి ఉతుకుడంటే బద్ధకం. ముసలామె చిన్నవ్వ తెల్లటియి అన్నది. జంపఖానా ఎయ్యిమన్నది సీటు మీద."

"బండేనా, పెండ్లిపందిరా?"

"నీ ఇష్టం. నేనేం చెప్త."

కానీ మరునాడు ఆయన గదికి వచ్చేసరికే ఫోను మోగింది. ఆమే చేసింది. "ఏమాయె? తీసుకున్నవా?" అన్నది. ఇంకా లేదన్నాడు. ఆ మాట అంటున్నప్పుడే ఆయనకు తెలిసింది. తీసుకుంటే ఈ ముచ్చట అయిపోతుంది. మళ్ళీ తిన్నవా, తిన్న.

అందుకని తీసుకోలేదు. హస్ముఖ్ భాయ్ దుకాణం ముందు బండి ఆపి, తెల్లపట్టీని ఒకసారి తడిమి పోయేవాడు.

"మాస్టర్, పంచాంగం చూపిస్తున్నావా?" అనేవాడు హస్ముఖ్ భాయ్.

రఘుపతి అదే షెడ్డులో మగ్గాల మీద పనిచేస్తాడు, పరుశురాం ఊరివాడే, వయసులో చిన్న. వాడికి ఓపిక ఆగలేదు.

"పరుశన్నా, నువ్వు టైర్లు చూస్తున్నవా, పిల్లను చూస్తున్నవా?"

"జర ఆగురా."

"ఆగుడెందుకు? ఉన్న టైరుకే తెల్లరంగు ఎయ్యి. మంచిగ కనపడ్తె కొను, లేకుంటె లేదు."

ఆ మాట పరుశురాంకు నచ్చింది. ముందు టైరుకు కుంచెతో తెల్లటి గీత తిప్పాడు. అంచు నేసినంత శ్రద్ధగా తిప్పాడు. పూర్తిగా ఆరకముందే ఎక్కి పనికి పోయాడు. భేస్తాన్ నుంచి ఉధ్నా పోయే దారిలో రంగుల మిల్లు ఒకటి ఉంది. దాని ముందు రోడ్డు మీద ఎప్పుడూ నీళ్ళు నిలిచి ఉంటాయి. ఏ రోజు ఏ రంగు అద్దితే ఆ రోజు ఆ నీళ్ళు. ఆ రోజు గులాబీ. ఎన్నో ఏళ్ళుగా ఆ నీళ్ళలో నుంచే పోయివస్తున్న మనిషి, వాటి సంగతే మరిచిపోయాడు. మగ్గాల షెడ్డు చేరేసరికి ముందు టైరు గులాబీ రంగు గాజు తొడుక్కున్నట్టు ఉంది.

ఫోటో తీసి పంపాడు.

సంతోషి ఫోను చేసి మాట్లాడలేకపోయింది. నవ్వుతూనే ఉంది. ఆమె నవ్వు చూసి పిల్లవాడు నవ్వాడు, అదీ వినపడింది. "గా మిల్లుల ఇచ్చి పువ్వులు గూడ గుద్దిపియ్యి," అన్నది చివరికి. షెడ్డు బయట, మగ్గాల చప్పుడు అందనంత దూరం వచ్చి, పరుశురాం ఆ నవ్వు విన్నాడు. గదిలో ఆ నవ్వు ఉండి ఎన్నాళ్ళయిందో అనుకున్నాడు.

దీపావళి దగ్గరపడింది. దుకాణం మూసి తానూ ఊరికి పోతానని హస్ముఖ్ భాయ్ చెప్పాడు. టైర్లు రేపు తీసుకోవాలి, లేకపోతే లేదు.

ఆ పొద్దున పరుశురాం అన్నం వడ్డించుకోలేదు. ముందు ఫోను చేశాడు.

"రేపే ఆఖరు. ఏదో ఒకటి చెప్పు."

"నన్ను అడుగుడేంది? తోలేది నువ్వు."

 ఆయన మెల్లగా అన్నాడు.

"ఎనక కూసున్నోళ్ళకు టైరు కనపడదు. బయటికెల్లి చూసేటోళ్ళకే కనపడ్తది. కూసునేటోళ్ళకైతే ఏదైనా ఒకటే."

ఆయన అడగగలిగింది అంతే. వెంట వస్తవా అన్న మాటకు ఇంతకన్నా దగ్గరగా ఆయన రాలేడు. అవతల బీడీల కోసం తునికాకు కత్తిరించే కత్తెర చప్పుడు ఆగింది. పిల్లవాడు ఏదో అడిగాడు.

"తెల్లటియే ఎయ్యి," అన్నది సంతోషి. గొంతు తగ్గించి అన్నది. "మూలమలుపు కాడికెల్లే కనపడాలె. పిలగాన్ని ఎత్తుకొని గడప ముందల నిలబడ్త. అగో తాత అస్తుండు అని చూపిస్త."

"గట్లనే."

"నేను గూడ బయటికెల్లే చూస్త."

"గట్లనే," అన్నాడు మళ్ళీ.

చెప్పుకోవాల్సింది అయిపోయింది. కానీ ఎవరూ ఫోను పెట్టెయ్యలేదు. కత్తెర చప్పుడు మళ్ళీ మొదలైంది. ఆయన దాన్నే వింటూ కూర్చున్నాడు.

మరునాడు తెల్లపట్టీ టైర్లు రెండూ వేయించాడు. హస్ముఖ్ భాయ్ పట్టీని గుడ్డతో తుడిచి, పండుగ మిఠాయి చేతిలో పెట్టి, ఈసారైనా రంగు నీళ్ళలో పోవద్దన్నాడు. మిల్లు దగ్గరికి వచ్చాక పరుశురాం బండి దిగాడు. తడి లేని రోడ్డు ఓర మీదుగా, దూడను పట్టుకున్నట్టు హ్యాండిలు పట్టుకుని నడిపించుకుపోయాడు.

పోయే రోజు పొద్దున రఘుపతి సామాను కట్టడానికి వచ్చాడు. వాడు సాయంత్రం రైలుకు పోతాడు. తోలు సంచులు రెండూ నిండాయి. ఇంకా ఒక బ్యాగు మిగిలింది, పిల్లవాడి బట్టలు, సంతోషికి చీర. ఈ చీరకు అంచు ఉంది. దాని కోసం ఆయన రింగ్‌రోడ్డు బజారులో చాలా దుకాణాలు తిరిగాడు.

రఘుపతి ఆ బ్యాగును వెనక సీటు మీద పెట్టి తాడు తీశాడు.

"ఆడ వద్దు," అన్నాడు పరుశురాం.

"మరేడ? ఇంత పెద్ద సీటు ఖాళీగున్నది గద అన్నా."

"ట్యాంకు మీద కట్టు."

"ముందల బరువైతది. మలుపుల కాడ తిప్పరాదు నీకు."

"మెల్లగ పోత."

రఘుపతి ఆయన మొహం చూశాడు. బ్యాగును ట్యాంకు మీదికి మార్చి గట్టిగా కట్టాడు. వెనక సీటు మీద దుమ్మును అరచేత్తో తుడిచాడు.

పండుగకు మిల్లులు ఆగాయి. రంగుల మిల్లు ముందు రోడ్డు ఎండి ఉంది, దిగాల్సిన పని లేదు. నీళ్ళు పోయాక అక్కడి గుంతలు బయటపడ్డాయి. మొదటి గుంత దగ్గర పరుశురాం బండిని నెమ్మదించాడు. ఒక్కడే పోయేవాడు నెమ్మదించాల్సినదానికన్నా చాలా ఎక్కువ నెమ్మదించి, జాగ్రత్తగా దాటాడు.