తాండూరు సెంటర్‌లో ఖాళీగా కూర్చున్న కార్డులు

రెండేళ్ల కిందట, జనవరి చివర్లో నన్ను వికారాబాద్ రూటుకు వేశారు. అప్పుడు నేను హైదరాబాద్‌లో ఒక కంప్యూటర్ల కంపెనీలో జూనియర్ ఇంజనీర్ని. మా కంపెనీ గేమింగ్ సెంటర్లకు సిస్టమ్స్ కట్టి ఇచ్చేది. కట్టడమంటే ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, మదర్‌బోర్డు, మెమరీ అన్నీ కలిపి బిగించి, ఆట ఆడించి చూసి, సంతకం పెట్టి అప్పగించడం. ఏ ప్రాసెసర్‌కు ఏ కార్డు జత కుదురుతుందో చెప్పాల్సింది సీనియర్ ఇంజనీరు. బిగించేది జూనియర్. చిన్న ఊళ్ల ఆర్డర్లకు సీనియర్లు కదిలేవాళ్లు కాదు కాబట్టి రెండు పనులూ నేనే చేసేదాన్ని. సీనియర్ పోస్టుకు నా పేరు అప్పటికే పైకి వెళ్లింది. ఇప్పుడు ఆ పనిలో లేను కాబట్టి జరిగింది జరిగినట్టు రాయగలను.

తాండూరులో ఆర్డర్ మహబూబ్ భాయ్‌ది. చాలా ఏళ్లు నాపబండల పాలిష్ యూనిట్‌లో మిషన్ మీద పనిచేసి, ఆ యూనిట్ పక్కనే షెడ్డు తీసుకుని గేమింగ్ సెంటర్ పెట్టాడు. పది సిస్టమ్స్. ఆయన నాతో మొదట అన్న మాట, "మేడం, కార్డు మాత్రం పెద్దది కావాలె. బోర్డు మీద దాని పేరు రాపిస్త. పోరగాండ్లు అది చూసే లోపలికొస్తరు." అది నిజమే. ఏ ఊళ్లోనైనా సెంటర్ బోర్డు మీద కార్డు పేరే ఉంటుంది, ప్రాసెసర్ పేరు ఎవరూ రాయించరు. ఆయన అనుకున్న బడ్జెట్‌లో పెద్ద కార్డు పెట్టాలంటే ఏదో ఒకటి తగ్గించాలి. నేను ప్రాసెసర్ తగ్గించాను. నాలుగు కోర్లది, అంటే ఒకేసారి నాలుగు లెక్కలే చేసేది, వేశాను.

ఇక్కడ వీటి పని కాస్త చెప్పాలి. ఆటలో ఎవరు ఎక్కడున్నారు, తూటా ఎవరికి తగిలింది, పొగ ఎటు కమ్ముతోంది అని లెక్క వేసేది ప్రాసెసర్. ఆ లెక్కను అందుకుని తెర మీద బొమ్మ గీసేది గ్రాఫిక్స్ కార్డు. సెకనులో ఎన్ని బొమ్మలు తయారైతే అన్ని ఫ్రేములు. రెండింటిలో ఏది నెమ్మదిగా ఉంటే ఆట ఆ వేగంతోనే నడుస్తుంది.

సిస్టమ్ అప్పగించే ముందు పెయిరింగ్ షీట్ అనే కాగితం నింపాలి. ఒక టెస్ట్ నడిపి, సగటు ఫ్రేములు రాసి, "జత సరిపోయింది" అన్న గడిలో టిక్ పెట్టాలి. టెస్ట్ మాత్రం బొమ్మల నాణ్యతను పైమెట్టున పెట్టి నడుపుతుంది. అప్పుడు భారమంతా కార్డు మీదే పడుతుంది, పెద్ద కార్డు దర్జాగా దాటేస్తుంది. తాండూరులో పది సిస్టమ్స్ మీదా టెస్ట్ పెట్టి, నేను కుర్చీలో కూర్చుని ఫోన్ చూసుకున్నాను. చివర్లో తల ఎత్తి సగటు రాశాను. మధ్యలో ఎంతకు పడిందో చూడలేదు.

మూడు వారాల తర్వాత, ఒక శుక్రవారం ఉదయం నా ఫోన్‌కు ఒక వీడియో వచ్చింది. మహబూబ్ భాయ్ కూతురు నస్రీన్ పంపింది. ఆమె తాండూరులోనే నర్సింగ్ చదువుతోంది, ఆ సెంటర్ జట్టుకు కెప్టెన్ కూడా. ఐదుగురు ఇటు, ఐదుగురు అటు ఆడే తుపాకుల ఆట వాళ్లది. వీడియోలో పొగ బాంబు పేలగానే ఆట తడబడి ఆగుతోంది. కింద ఒక్క వాక్యం రాసింది: "అక్కా, రేపు సాయంత్రం లోపల గిది బాగు కాకపోతే మ్యాచ్ పోతది."

ఆదివారం పది గంటలకు వికారాబాద్ జట్టుతో వాళ్లకు మ్యాచ్ ఉంది, తాండూరులోనే. కానీ రెండు జట్లూ కలిసి ఒక షరతు రాసుకున్నాయి. శనివారం సాయంత్రం నాలుగింటికి వికారాబాద్ కెప్టెన్ వచ్చి పది సిస్టమ్స్‌నూ గంటసేపు ఆడించి చూస్తాడు. ఏ ఒక్క దాంట్లో ఫ్రేములు నూట నలభై నాలుగు కన్నా కిందికి పడినా మ్యాచ్ వికారాబాద్‌కు మారుతుంది. నూట నలభై నాలుగంటే ఆ మానిటర్లు సెకనుకు చూపగలిగినన్ని బొమ్మలు. ఆదివారం రెండింటికి నస్రీన్‌కు ఆస్పత్రిలో డ్యూటీ. తాండూరులో అయితే ఆడి డ్యూటీకి వెళ్లగలదు. వికారాబాద్ అయితే జట్టుకు కెప్టెన్ ఉండదు.

మధ్యాహ్నానికల్లా తాండూరు చేరాను. వెళ్లేటప్పటికే కోపంగా ఉన్నాను. నేను సంతకం పెట్టిన సిస్టమ్స్ మీద ఫిర్యాదు రావడం అదే మొదటిసారి. పక్క యూనిట్‌లో బండలు కోసే పెద్ద రంపం మొదలైనప్పుడల్లా షెడ్డులో లైట్లు మసకబారుతున్నాయి. నాకు కారణం దొరికిపోయింది. అక్కడే నిలబడి ఫోన్లోంచే రిపోర్టు పంపాను: "సైట్ పవర్ సమస్య. సిస్టమ్స్‌లో లోపం లేదు."

నస్రీన్ ఒప్పుకోలేదు. "రంపం బందున్నప్పుడు కూడ గిట్లనే అయితది అక్కా" అంది.

"ఆడటం రాకపోతే తప్పు సిస్టమ్ మీద పెట్టకు" అన్నాను. అనాల్సిన మాట కాదు.

ఆమె తిరిగి అరవలేదు. "సరే, నాకు రాదు. నువ్వు ఆడు. నేను చూస్త" అని కుర్చీ నావైపు తోసింది.

ఆడటానికి కూర్చున్నాను. సెట్టింగులు చూస్తే అన్నీ అట్టడుగున ఉన్నాయి. నీడలు లేవు, గడ్డి లేదు, గోడలు బోసిగా ఉన్నాయి. ఇంత కార్డు పెట్టుకుని ఇలా ఎందుకు ఆడుతున్నారని అడిగాను. "గడ్డి ఉంటే దుష్మన్ దాక్కుంటడు గద. అందాలు చూస్తమా, ఆడుతమా?" అంది. పోటీ ఆడేవాళ్లంతా అలాగే ఆడతారట. పరీక్షించేది నేను, ఆడేది వాళ్లు. ఆ రెండింటికీ మధ్య ఇంత దూరం ఉందని నాకు అప్పటిదాకా తెలియదు.

తర్వాత ఆమె ఒక పని చేసింది. ఆట మధ్యలోనే అన్ని సెట్టింగులూ పైకి పెంచింది. కార్డు మీద భారం పెరిగింది కాబట్టి ఫ్రేములు తగ్గాలి. తగ్గలేదు. పొగ పడ్డప్పుడు అంతకుముందూ డెబ్భై, ఇప్పుడూ డెబ్భై. "చూసినవా? బరువు పెంచినా తగ్గుతలేదు. అంటే కష్టపడుతున్నది కార్డు కాదక్కా, ఇంకోటేదో."

పనిభారం చూపే ప్రోగ్రాం తెరిచాను. ప్రాసెసర్ నూటికి నూరు శాతం పని చేస్తోంది. అట్టడుగు సెట్టింగుల్లో కార్డు నలభై శాతం దాటడం లేదు. టీ గ్లాసుతో వెనక నిలబడ్డ మహబూబ్ భాయ్‌కు ఆ రెండు అంకెలూ చూపించాను. "అంటే మేడం, కోసే మిషన్ చిన్నది పెట్టి పాలిష్ మిషన్ పెద్దది పెట్టినట్టాయె. బండ రానిదే పాలిష్‌వాడు ఏం చేస్తడు, బీడీ తాగుకుంట కూసుంటడు." తర్వాత మెల్లగా, "పెద్ద కార్డు అడిగింది నేనే గద" అన్నాడు.

అడిగింది ఆయనే. కానీ ఆయనకు తెలియదని తెలిసి కూడా టిక్ పెట్టింది నేను.

మా జోనల్ మేనేజర్‌కు ఫోన్ చేశాను. అదే మదర్‌బోర్డులో కూర్చునే ఎనిమిది కోర్ల ప్రాసెసర్లు గోడౌన్‌లో ఉన్నాయి, వేరే ఆర్డర్‌కు కేటాయించినవి. వాటిని వెంటనే విడిపించడానికి ఒకటే దారి: "జత తప్పు, ఇంజనీరు బాధ్యత" అని నేను రిపోర్టు రాయాలి. ఆయన నెమ్మదిగానే చెప్పాడు. పవర్ సమస్య అని రాశావు, అది అలాగే ఉండనివ్వు, వారంలో మనిషిని పంపిస్తాం, నీ పేరు పైన ఉన్నప్పుడు ఇలాంటి ఎంట్రీ వేసుకుంటే ఈ ఏడాదికి సీనియర్ పోస్టు మర్చిపోవాలి అన్నాడు. వారం తర్వాత ఎందుకు సార్, ఆదివారం మ్యాచ్ అన్నాను. మ్యాచ్ కంపెనీది కాదు కదా అన్నాడు.

ఫోన్ పెట్టేసి బయట బండల దొంతుల మధ్య రెండు చుట్లు తిరిగాను. తిట్టుకోవడానికి ఎవరైనా దొరుకుతారేమో అని చూశాను, ఎవరూ దొరకలేదు. మొదటి రిపోర్టు రద్దు చేసి రెండోది పంపాను.

శనివారం పొద్దున ఇంకో పని మీద వికారాబాద్ వస్తున్న మా కొలీగ్ ప్రాసెసర్లు తెచ్చాడు. నేను తాండూరు నుంచి వెళ్లి వికారాబాద్ స్టేషన్‌లో తీసుకున్నాను. తిరుగు రైలు ఆలస్యమని తెలిసి బస్సెక్కాను. ఆ రకం ప్రాసెసర్‌కు అడుగున సన్నని పిన్నులు ఉంటాయి, ఒక్కటి వంగినా బోర్డులో కూర్చోదు. అనంతగిరి మలుపుల్లో బస్సు ఒరిగినప్పుడల్లా పెట్టెను ఒళ్లో గట్టిగా పట్టుకున్నాను. పక్కన కూర్చున్న ముసలమ్మ, "ఏందమ్మా, కోడిగుడ్లా?" అని అడిగింది. అవునన్నాను.

సెంటర్‌కు చేరేసరికి పన్నెండున్నర. అసలు గండం అక్కడ ఉంది. పాత ప్రాసెసర్ తీయకముందే బోర్డులోని బయోస్ అనే మూల ప్రోగ్రాంను అప్‌డేట్ చేయాలి. లేకపోతే బోర్డు కొత్తదాన్ని గుర్తుపట్టదు. ఒక్కో బోర్డుకు ఐదు నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లో కరెంటు తడబడితే బోర్డు చచ్చిపోయినట్టే, నా దగ్గర వేరే బోర్డు లేదు. యూపీఎస్‌లు అప్పటికే నీరసించి కూతలు పెడుతున్నాయి. పక్కన రంపం ఆగకుండా నడుస్తోంది. ఏ రంపం మీద అబద్ధం రాశానో, దాన్ని చూసి నిజంగా భయపడాల్సి వచ్చింది.

మహబూబ్ భాయ్‌తో చెప్పాను. ఆయన గోడ దగ్గరికి వెళ్లి అవతలికి కేకేశాడు: "ఓ నర్సింలూ, జర రంపం ఆపుర్రి! ఒక గంట!"

"పండుగనా ఏంది భాయ్?" అని అవతలి నుంచి ఎవరో అరిచారు.

"పండుగ కాదు, నా బిడ్డ మ్యాచ్!"

రంపం మూలుగుతూ నెమ్మదించి ఆగింది. తెల్ల దుమ్ము కొట్టుకున్న చేతులతో నలుగురు గోడ మీదుగా తొంగి చూశారు. నస్రీన్ ఒక్కో తెర ముందు నిలబడి శాతాలు పైకి చదువుతోంటే నేను పది బోర్డులూ వరసగా అప్‌డేట్ చేశాను. తొమ్మిదోది తొంభై రెండు శాతం దగ్గర చాలాసేపు కదల్లేదు. తర్వాత కదిలింది.

ఆ తర్వాత ప్రాసెసర్‌ను చల్లబరిచే కూలర్ విప్పడం, రెండింటి మధ్య వేడిని లాగే పాత పేస్టు తుడవడం, కొత్త ప్రాసెసర్ కూర్చోబెట్టడం, పేస్టు వేసి మళ్లీ బిగించడం. మూడూ యాభైకి పదోది మూత వేశాను. ఈసారి ఫోన్ తీశాను కానీ చూసుకోవడానికి కాదు. పది తెరల్నీ అట్టడుగు సెట్టింగుల్లో వీడియో తీసి, ఒక్కోదాంట్లో ఎంతకు పడుతోందో రాసుకున్నాను.

వికారాబాద్ కెప్టెన్ పవన్ నాలుగింటికి ఇద్దరు మిత్రులతో వచ్చాడు. గడపలోనే, "తాండూరోళ్లు బండలు అమ్ముకోండ్రి, గేములు మాకు ఇడిసిపెట్టుండ్రి" అన్నాడు.

"ముందు కూసో తమ్మీ, బండ ఎవరో నాల్గు రౌండ్లల్ల తెలుస్తది" అంది నస్రీన్.

అతను మూర్ఖుడు కాదు. పది సిస్టమ్స్ ముందూ సెంటర్‌లో ఉన్న పిల్లల్ని కూర్చోబెట్టి, ఆటలో అందరినీ ఒకే సందులోకి రమ్మని, ఒకేసారి పొగ వేయించాడు. ప్రాసెసర్‌కు అంతకన్నా పెద్ద పరీక్ష లేదు. ఏడో సిస్టమ్ నూట యాభై ఒకటికి దిగింది, అక్కడే నిలబడింది. గంటసేపట్లో అన్నిట్లోకీ కిందికి పడింది అదే. లేస్తూ పవన్ నావైపు చూసి, "మా సెంటర్‌కు గూడ నువ్వే కట్టినవా మేడం?" అని అడిగాడు. కాదన్నాను. "రేపు మ్యాచ్ ఈడనే" అని వెళ్లిపోయాడు.

మ్యాచ్ జరిగింది. తాండూరు ఓడిపోయింది. ఆఖరి రౌండ్‌లో పొగలోంచి పవన్ బయటికి వచ్చాడు, నస్రీన్ ముందే కాల్చింది, గురి తప్పింది. ఆట ఎక్కడా తడబడలేదు. ఒంటిగంట దాటాక ఆమె లేచి యూనిఫాం సంచి భుజానికి వేసుకుంది. సిస్టమ్ ఎలా ఉందని అడిగాను.

"మంచిగుందక్కా. ఇంగ దాని మీద పెట్టనీకి లేదు. నేనే తప్పు కొట్టిన" అని చెప్పి, షేర్ ఆటో ఎక్కి డ్యూటీకి వెళ్లిపోయింది.

ఆ ఏడాది సీనియర్ పోస్టు నాకు రాలేదు. రిపోర్టులో ఎంట్రీ పడ్డాక రాదని తెలిసే రాశాను కాబట్టి దాని గురించి చెప్పడానికి ఏమీ లేదు. పనిలో ఉన్న మిగతా ఏడాదీ పెయిరింగ్ షీట్‌లో సగటు పక్కన, గడి లేకపోయినా, అన్నిటికన్నా కిందికి పడ్డ అంకె చేత్తో రాశాను. టెస్ట్ పెట్టే ముందు ఆ సెంటర్‌లో ఆడేవాళ్లను ఒకరిని కూర్చోబెట్టి, వాళ్లు ఎలా ఆడతారో అలాగే ఆడించాను. సిస్టమ్ కట్టేవాళ్లు ఎవరినీ గెలిపించలేరు. ఓడినవాళ్లు యంత్రాన్ని తప్పుపట్టే అవకాశం లేకుండా చేయడం వరకే వాళ్ల పని. తాండూరు వెళ్లేదాకా ఆ పని నేను చేయలేదు.