అత్తకు చెప్పకుండా దాచిన నాలుగు మాటలు

పోయిన వారం తిరువళ్ళూరులో మా మేనత్త పోయింది. తిరుత్తణిలో నా అంగడి మూసి నేను చేరేసరికి ఇంటినిండా చుట్టాలే. ఒక్కొక్కరూ నన్ను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి అదే ప్రశ్న అడిగారు. "పాపం, ఆమెకి జబ్బు సంగతి తెలుసునా?"

తెలుసు. మనందరికంటే బాగా తెలుసు. ఆమె ఏమీ తెలియకుండా పోయిందని ఎవరూ అనుకోకూడదనే ఇది రాస్తున్నాను.

అత్తది బజారు వీధిలో పప్పుల అంగడి. మామ పోయాక ముప్పై ఏళ్ళు ఒంటిచేత్తో నడిపింది. ఆమె బేరం చూస్తే నాకు నవ్వొచ్చేది. "ఈ కందిపప్పు సీక్రంగా ఉడకదు, శానాసేపు పడతాది. తెలిసి తీసుకో. ఇంటికి పొయ్యి నన్ను తిట్టొద్దు" అని ముందే చెప్పేది. ఇట్లా చెబితే ఎవరు కొంటారత్తా అని వెక్కిరిస్తే, "చెప్పినాక కొనేవోడే మళ్ళా వస్తాడు రా" అనేది.

నిరుడు ఆమెకు మెతుకు దిగడం ఆగిపోయింది. అన్నవాహికలో గడ్డ. మద్రాసు ఆసుపత్రిలో డాక్టరు నన్నొక్కణ్ణే లోపలికి పిలిచాడు. దారి తెరుచుకోవడానికి జల్లెడలాంటి లోహపు గొట్టం, స్టెంటు, పెడతామన్నాడు. అది జారవచ్చు, గడ్డ పెరిగి దాన్ని మళ్ళీ మూసేయవచ్చు, రక్తం పడవచ్చు, పీచుండే కూరలు తింటే అడ్డుపడుతుంది అని కూడా చెప్పాడు. బయటికొచ్చి అత్తకు నేను చెప్పింది ఒక్కటే: "చిన్న గొట్టం పెడతారంట. ఇంక అన్నీ తినొచ్చత్తా." మన ఇళ్ళల్లో ప్రేమంటే ఇదే కదా. జబ్బు వాళ్ళది, కబురు మనది.

నా మాట నమ్మి, గొట్టం పెట్టిన రెండో వారంలోనే మునగాకు వేపుడుతో అన్నం తింది. ముద్ద గొట్టంలో ఇరుక్కుంది. ఉమ్ము కూడా దిగక, ఒళ్ళో గిన్నె పెట్టుకుని మద్రాసు దాకా రైల్లో కూర్చుంది. కెమెరా పంపి ముద్ద తీసేశాక డాక్టరు ఆమె ముందే నామీద విసుక్కున్నాడు. "ఆకుకూరలు వద్దని మీకు అప్పుడే చెప్పాను కదా?"

తిరుగు రైలు ఆవడి స్టేషను దాటింది. అత్త అందుకుంది.

"కందిపప్పుకే ముందు చెప్పేదాన్ని నేను. నా గొంతులో ఇనుము పెట్టిచ్చి, దాని లోపం నాకు చెప్పకపోతివే!"

"భయపడతావని అత్తా..."

"భయపడితే నేను పడతా. అది నా పని. నడమ నీకేంది?"

తల వంచుకున్నాను. ఆ సిగ్గు ఇంకా పోలేదు. పోకూడదు కూడా.

అప్పటినుంచి అన్నీ తానే అడిగి తెలుసుకుంది. అన్నం మెత్తగా పిసుక్కుని తిని, గొట్టం శుభ్రపడేందుకు నిటారుగా కూర్చుని కొంచెం కొంచెంగా సోడా తాగేది. పులుపు ఎగదన్నుతుందని మూడు దిండ్ల మీద పడుకునేది. "నీకేం కాదులే" అని ఓదార్చడానికి వచ్చినవాళ్ళను, "గొంతులో జల్లెడ ఉండాది, మీ అబద్ధాలు దిగవు, పోండి" అని పంపించేది.

రెండు నెలల కింద గొట్టం నిజంగానే జారింది. వార్డులో చేర్చారు. స్కాను చూసిన డాక్టరు తన గది తలుపు దగ్గర నిలబడి, అలవాటుగా నన్ను రమ్మని వేలు ఊపాడు. నేను లేవలేదు. అత్త లేచింది. డ్రిప్పు సీసాను కొక్కెం నుంచి తీసి ఎడమచేత్తో పైకెత్తి పట్టుకుని, ఆ గదిలోకి నడిచింది. వెనకాలే పోబోయాను. "నువ్వు బయట ఉండు" అని తలుపు వేసింది.

తలుపుకున్న అద్దంలోంచి చూస్తూ నిలబడ్డాను. డాక్టరు కాగితం మీద ఏదో గీస్తున్నాడు. అత్త అడుగుతోంది, ఆయన చెబుతున్నాడు, అత్త మళ్ళీ అడుగుతోంది. లోపల ఏం చెబుతున్నారో తెలియక అద్దానికి చెవి ఆనించాను. ఇన్నాళ్ళూ ఆమెను నిలబెట్టిన చోటు ఎట్లా ఉంటుందో అప్పుడు తెలిసింది.

బయటికొచ్చింది.

"ఇంకోటి పెడితే లోపల చిరిగే భయం ఉండాదంట. వద్దంటిని. గంజి పోసేదానికి కడుపులోకి ట్యూబు చాలు. ఇంక ఎన్నాళ్ళు ఉంటానో కూడా అడిగినా. కూర్చో, అన్నీ చెప్తా. నీమాదిరి దాచేదాన్ని కాదు."

ఏడుపు నాకొచ్చింది. ఆమె చెయ్యి మాత్రం దిగలేదు. సీసా ఆమె తలకంటే ఎత్తులోనే ఉంది.