పాత స్తంభం మీద దీపం

లాజరు మాస్టారికి తెలియని సంగతి ఈ భూమ్మీద ఒక్కటే ఉంది. తనకు తెలియనివి కూడా ఉంటాయన్న సంగతి. ఆయన భార్య దీనమ్మకు పెళ్ళైన పన్నెండో రోజునే ఆ విషయం అర్థమైపోయింది. మిగతా ఊరికి అర్థం కావడానికి చాలా ఏళ్ళు పట్టేది. అది కూడా దీనమ్మ పుణ్యమా అని ఎప్పటికీ అర్థం కాకుండానే పోయింది. ఆ కథే ఇది.

దీనమ్మది తణుకు దగ్గర పల్లె. కూలి చేసుకునే కుటుంబం. ఆమెకు ఆరేళ్ళప్పుడు ఇంటిల్లిపాదీ బాప్తిస్మం తీసుకున్నారు. మిషను దొరసానిగారు పెట్టిన బడిలో నాలుగో తరగతి దాకా చదివింది. లెక్కల్లో మగపిల్లల్ని కూడా దాటిపోయిందని దొరసానిగారు మెచ్చుకుని రాజమండ్రిలో ఆడపిల్లల హాస్టలు బడికి పంపిస్తానన్నారు. ఆ వారమే లాజరు సంబంధం వచ్చింది. ఉపాధ్యాయుడి పెళ్ళానికి ఇంకా చదువెందుకని ఆయన సెలవిచ్చాడు. దీనమ్మ పలక అటక మీదికి ఎక్కింది, ఆమె వంటింట్లోకి దిగింది. పదహారేళ్ళైనా ఆ మంట ఆరలేదు.

లాజరు మాస్టారి బడి ఒక తాటాకుల పాక. ఆదివారం అదే ప్రార్థన మందిరం. ఆయన విద్యకంతటికీ ఆధారం ఒక భూగోళం పుస్తకం. ఊరు విడిచి వెళ్ళిపోతూ ఏ పాదిరిగారో ఇచ్చిపోయినది. అట్టలు లేవు, మొదటి పుటల్ని చెదలు తినేశాయి. అది ఏ సంవత్సరంలో అచ్చయిందో ఎవరికీ తెలియదు. తెలుసుకోవాలని మాస్టారికి ఎన్నడూ తోచనూ లేదు. బైబిలు ప్రశ్నోత్తరాలు ఎలా నేర్పుతారో ఆ పుస్తకాన్నీ అలాగే ప్రశ్నలూ జవాబులుగా విడగొట్టి పిల్లలచేత వల్లె వేయించేవాడు. ఒక్క మాట అటూ ఇటూ అయినా బెత్తం ఆడేది. దేవుడి వాక్యానికీ భూగోళానికీ ఆయన దగ్గర తేడా లేదు.

"చెన్నపట్నమందు రాత్రివేళ ఓడలకు దారి చూపునది ఏది?" అని మాస్టారు అరిస్తే, "కోట చెంతనున్న రాతి స్తంభముపై వెలుగు దీపము" అని పాకంతా మోగిపోయేది. ఈ జవాబు పాకను ఆనుకున్న ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చుని వినీ వినీ దీనమ్మకు కంఠతా వచ్చేసింది.

ఇలా సాగిపోతుండగా చిట్టియ్య రంగూను నుంచి తిరిగొచ్చాడు. బియ్యం మిల్లులో కూలి చేసి వచ్చినవాడు. చదువు లేదు గాని కళ్ళున్నాయి. ఓడ గురించి, సముద్రం గురించి, అక్కడి బుద్ధ విగ్రహాల గురించి చెబుతుంటే సాయంత్రాలు జనమంతా అతని అరుగు మీదే. మాస్టారి అరుగు బోసిపోయింది. ఒకరోజు అందరి ముందూ చిట్టియ్య చేతులు కట్టుకుని, "మాస్టారూ, తమరు చెన్నపట్నం ఎన్నిసార్లు చూశారండి?" అని అడిగాడు. పాపం, మంచి మనసుతోనే అడిగాడు. మాస్టారి మొహం మాడిపోయింది. ఈ వేసవి సెలవుల్లో కుటుంబానికి చూపించడానికి వెళుతున్నానని ప్రకటించాడు. తను ఇదివరకే చూసినట్టూ, ఇంట్లోవాళ్ళే చూడవలసి ఉన్నట్టూ.

దీనమ్మ ఆశ ఈ ప్రయాణం మీద పడింది. ఆమెకు మిగిలిన బిడ్డ ఒక్కతే, దేవకుమారి. పన్నెండేళ్ళు. తల్లి పోలికే. జూన్ మొదటి వారంలోగా పంపిస్తే రాజమండ్రి హాస్టల్లో చోటు ఉందనీ, లేకపోతే ఇంకొక పిల్లకు ఇచ్చేస్తామనీ దొరసానిగారు కబురు చేశారు. అక్కడ నేర్పేది నా దగ్గర లేనిదేంటని మాస్టారు కొట్టిపారేశాడు. ఊరు చూసిన సంబరంలో మనసు మెత్తబడితే మళ్ళీ అడగాలని, అందాకా నోరు విప్పకూడదని దీనమ్మ ఒట్టు పెట్టుకుంది.

కాలువ పడవ మీద నిడదవోలు, అక్కడి నుంచి రైలు. దీనమ్మ అత్తగారు సూరమ్మ సున్నుండల డబ్బా ఒళ్ళో పెట్టుకుని, కొడుకు రైలు గురించి చెప్పిన ప్రతి మాటకూ తల ఊపుతూ కూర్చుంది. ఆ రైలు కూడా తన కొడుకే నడుపుతున్నాడని ఆవిడ నమ్మకం కాబోలు.

చెన్నపట్నంలో మిషను వారి బసలో దిగారు. మర్నాడు పొద్దున్నే వీధిలోకి వస్తే, గుర్రమూ ఎద్దూ ఏమీ లేకుండా ట్రాము బండి గంట కొట్టుకుంటూ వచ్చి ఎదుట ఆగింది. జనం ఎక్కుతున్నారు. సూరమ్మ కూడా ఒక కాలు పైకి పెట్టింది. మాస్టారు పుస్తకం తిరగేశాడు. ఈ పట్టణమందలి వాహనములు అన్న చోట పల్లకీ ఉంది, జట్కా ఉంది, ట్రాము లేదు. పాఠంలో లేనిదాన్ని ఎక్కడం ఆయన గౌరవానికి భంగం. ఆవిణ్ణి దింపి అందర్నీ నడిపించాడు. మే నెల ఎండలో నలుగురూ ఒకరి వెనక ఒకరు, ముందు పుస్తకం పట్టుకున్న మహానుభావుడు. దీనమ్మ అరికాళ్ళు బొబ్బలెక్కాయి. ఇంతటి మొండివాడికి రోజూ అన్నం వడ్డిస్తున్నది తనేనని తలుచుకుంటే ఆమెకు తన మీద తనకే కోపం వచ్చింది.

ఆ రోజుల్లో మనవాళ్ళు మ్యూజియాన్ని చచ్చిన కాలేజీ అనీ, జంతువుల తోటను బతికిన కాలేజీ అనీ అనేవారు. రెండో రోజు ఆ రెండూ అయ్యాయి. బతికిన కాలేజీలో సింహం ఆవులిస్తుంటే మాస్టారు దానికి వీపు పెట్టి సింహం గురించి పుస్తకంలో ఉన్నది పైకి చదివాడు. చచ్చిన కాలేజీలో తిమింగలం ఎముకలు ఇంటి వాసాల్లా వేలాడదీసి ఉన్నాయి. దేవకుమారి అక్కడే నిలబడిపోయింది. పక్కటెముకలు ఇటు ఎన్నో అటు ఎన్నో లెక్కపెట్టి, కాపలావాడికి సైగలు చేసి ఇది ఎక్కడ దొరికిందో కనుక్కుంటోంది. పాఠంలో లేనిదానితో నీకేం పని అని మాస్టారు పిల్ల రెక్క పట్టుకుని లాక్కుపోయాడు. దీనమ్మకు ప్రాణం ఉసూరుమంది. ఆ పిల్ల కళ్ళలో ఉన్నది ఒకప్పుడు తన కళ్ళలోనూ ఉండేది.

మూడో రోజు సాయంత్రం అసలు ఘట్టం. హైకోర్టు దగ్గర, పుస్తకంలో చెప్పిన రాతి స్తంభం నిజంగానే ఉంది. ఎత్తుగా, గంభీరంగా. మాస్టారి ఛాతీ పొంగింది. కుటుంబాన్ని స్తంభానికి ఎదురుగా, కోర్టు భవనానికి వీపు పెట్టించి వరసగా నిలబెట్టాడు. బళ్ళోలాగే ప్రశ్న అడిగాడు, దేవకుమారిచేత జవాబు చెప్పించాడు. సందె పడింది. స్తంభం మీద కాకి తప్ప ఏమీ లేదు. ఆయన కళ్ళు అక్కడినుంచి కదల్లేదు.

కాసేపటికి దేవకుమారి వెనక్కి తిరిగింది. "నాన్నా, దీపం మన వెనకాల ఉందండి" అంది మెల్లిగా.

"ముందుకు చూడు" అన్నాడు మాస్టారు.

"ఒరే లాజరూ, ఎనకాల నిజంగానే ఏదో ఎలుగొత్తందిరా" అంది సూరమ్మ. కొడుకు మాట కాదనడం ఆవిడ జీవితంలో అదే మొదటిసారి.

దీనమ్మ తిరిగి చూసింది. కోర్టు భవనం గుమ్మటం మీద, ఆకాశంలో, పెద్ద దీపం. వెలుగు సముద్రం మీదికి పోతోంది. శనక్కాయలమ్మేవాడు ఒకడు, మన తెలుగువాడే, వీళ్ళ అవస్థ చూసి దగ్గరకొచ్చాడు. ఆ స్తంభం మీద దీపం తీసేసి పదేళ్ళయిందనీ, అప్పట్నుంచీ గుమ్మటం మీదే వెలిగిస్తున్నారనీ మర్యాదగా చెప్పాడు. మాస్టారు అతన్ని ఎగాదిగా చూసి, నువ్వు పొరబడ్డావు అన్నాడు. ఎదురుగా అంత దీపం పెట్టుకుని. ఈరోజు స్తంభానికేదో మరమ్మతు జరుగుతోందని ఇంట్లోవాళ్ళకు సర్దిచెప్పి బసకు దారి తీశాడు. ఒక్కసారంటే ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. దీనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పదహారేళ్ళుగా ఈయనగారి ముందు తల వంచుకు తిరిగినందుకు ఆమెకు నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

తిరుగు రైల్లో ఇక ఆగలేక అడిగింది. దేవకుమారిని రాజమండ్రి పంపుదామా అని. మాస్టారు కిటికీలోంచి చూపు తిప్పకుండానే, మూడు రోజులు ఊరు తిరిగేసరికే పిల్ల తండ్రికి ఎదురు చెప్పడం నేర్చిందనీ, ఇక హాస్టలు సంగతి అటుంచి ఇంటి దగ్గర బడి కూడా మాన్పిస్తాననీ తేల్చేశాడు. పిల్ల చేసిన నేరమల్లా కళ్ళు తెరిచి చూడడమే. దేవకుమారి నాయనమ్మ భుజానికి ఆనుకుని మొహం దాచుకుంది. దీనమ్మ నిడదవోలు వచ్చేదాకా ఆలోచిస్తూనే ఉంది.

ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరూ ఇళ్ళకు పోలేదు. పాకలో మగవాళ్ళు ఒకవైపు, ఆడవాళ్ళు ఒకవైపు కూర్చుని మాస్టారు చెప్పే చెన్నపట్నం విశేషాలు వింటున్నారు. కొత్తగా చెప్పడానికేముంది, పుస్తకమే చెప్పాడు. పల్లకీలు చెప్పాడు, జట్కాలు చెప్పాడు. చివరికి స్తంభం దగ్గరికొచ్చాడు. సందెవేళ ఆ రాతి స్తంభం మీద దీపం ఎలా వెలిగిందో, ఓడలెలా దారి తెలుసుకున్నాయో, చేతులు పైకెత్తి మరీ వర్ణించాడు. ప్రార్థన చేసిన పాకలోనే, ప్రార్థన చేసిన నోటితోనే. దేవకుమారి నోరు తెరవబోయింది. దీనమ్మ పిల్ల చేతిని గట్టిగా నొక్కింది.

చిట్టియ్యకు మాత్రం ఎక్కడో అనుమానం తగిలింది. అతను ఆడవాళ్ళ వైపు తిరిగాడు. "అమ్మగారూ, తమరెప్పుడూ అబద్ధం ఆడరు. తమరు చూశారా అండి ఆ దీపం?"

పాకంతా దీనమ్మ వైపు తిరిగింది. మాస్టారు కూడా తిరిగాడు. స్తంభం ముందు తిప్పని మెడ అప్పుడు తిప్పాడు. ఆ కళ్ళలో బెదురు దీనమ్మకు స్పష్టంగా కనిపించింది. పదహారేళ్ళలో ఆయన ఆమెను ఏదైనా వేడుకున్నది ఆ ఒక్కసారే.

దీనమ్మ లేచి నిలబడింది. "చూశామండి. మాస్టారుగారు చెప్పినట్టే ఉంది" అంది. మాస్టారు ఊపిరి వదిలే లోపలే, "ఆ దీపం దగ్గరే దేవకుమారిని రాజమండ్రి హాస్టలుకి పంపిస్తామని మాటిచ్చారండి. దొరసానిగారికి కబురు కూడా పెట్టమన్నారు. మీరంతా ప్రార్థన చెయ్యండి" అని కూర్చుంది.

జనం సంతోషించారు. పెద్దలు మాస్టారిని అభినందించారు. చిట్టియ్య ముందుగా దణ్ణం పెట్టాడు. మాస్టారు ఔననలేదు, కాదనలేదు. కాదంటే దీనమ్మ మళ్ళీ లేస్తుందని ఆయనకు తెలుసు. జీవితంలో పుస్తకం చూడకుండా ఆయన తెలుసుకున్నది అదొక్కటే.

ఇంటికొచ్చి తలుపు వేశాక ఆయన గొంతు లేచింది. "నేనెప్పుడు మాటిచ్చాను?"

దీనమ్మ పొయ్యి రాజేస్తూ తలెత్తకుండానే చెప్పింది. "ఆ స్తంభం మీద దీపం వెలిగినప్పుడేనండి."

జూన్ మూడో తారీకున దేవకుమారి పడవెక్కింది. అటక మీద నుంచి దించి తుడిచిన పలక దాని సంచిలో ఉంది. కాలువ గట్టు మీద దీనమ్మ పడవ మలుపు తిరిగేదాకా నిలబడింది. ఇంటికి వస్తుంటే పాకలోంచి పిల్లల గొంతులు వినిపించాయి. కోట చెంతనున్న రాతి స్తంభముపై వెలుగు దీపము. ఎవరో తప్పు చెప్పినట్టున్నారు, బెత్తం చప్పుడైంది. అలవాటుగా మొగుడి మీద నవ్వబోయింది. నవ్వు రాలేదు. ఇప్పుడా జవాబుకు సాక్షి తనే.