ఒంటి కొర్రచేను

ప్రొద్దుటూరు డాక్టరు మా అమ్మకు షుగరని తేల్చి, "వరి తగ్గించి కొర్రన్నం తినమ్మా" అన్నాడు. చెప్పడానికేం? పులివెందుల పక్కన మా ఊళ్లో కొర్రలు కంటపడి ఏళ్లయింది. రేషన్ స్టోరులో ఇచ్చేది బియ్యం. వ్యవసాయ ఆఫీసు సబ్సిడీ శనక్కాయ విత్తనాలకు, బత్తాయి తోటలకు. అవి కూడా పార్టీ నాయకుడి అరుగు మీదే పంచేవాళ్లు. ఏ పార్టీకీ పోని మాకు దక్కింది బియ్యమే.

"కొర్ర విత్తనాలు ఉండాయా సార్?" అని నాయన అడిగితే ఆఫీసరు నవ్వాడు.

"ఇంకా కొర్రలేంది పెద్దాయనా! చీనీ పెట్టుకో."

బత్తాయిని మేం చీనీ అంటాం. ఉర్దూ మాట్లాడే పక్కింటి దర్జీ ఇది విని, "మా మాటలో చీనీ అంటే చక్కెరప్పా! షుగరు మనిషికి శానా మంచి మందు చెప్పినాడు" అన్నాడు. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పెండ్లిమర్రి చుట్టాలను అడిగి విత్తనాలు తెచ్చి, నాయన అమ్మ కోసం కొర్ర వేశాడు. బాగానే పండింది. ఊరంతా కొర్ర వేసిన రోజుల్లో పిట్టలు తలో చేలో ఇంత తిని పోయేవి. ఇప్పుడు చుట్టూ శనక్కాయ, చీనీ. ఉన్న ఒక్క చేను మీదికి పొరుగూరి పిట్టలు కూడా దిగాయి. వడిసెలతో రాళ్లు విసిరి విసిరి నాయన భుజం వాచింది. చివరికి విసుగొచ్చి, దీపావళికి మిగిలిన టపాకాయలు తెచ్చి చేలో కాల్చాడు.

మా ఊళ్లో చేయాల్సిన పనా అది? ఢామ్మనగానే ఒక వర్గం వాళ్లు తలుపులు వేసుకున్నారు, ఇంకో వర్గం వాళ్లు మిద్దెలెక్కారు. పోలీసు జీపు దిగింది.

"ఎవరి మీద ఏసినావు బాంబు?"

"పిట్టల మీద సార్."

ఎవరు నమ్ముతారు? స్టేషనుకు తీసుకుపోయారు. విడిపించమని నేను రెండు పార్టీల గడపలూ తొక్కాను. ఎప్పుడూ కలవని ఆ పెద్దమనుషులిద్దరూ ఒకే మాట చెప్పారు: "ఆయప్ప మావోడు కాదు."

మూడోనాడు వదిలిపెట్టారు. చేలో వట్టి పొట్టు మిగిలింది.

ఆ పూట అమ్మ స్టోరు బియ్యమే వండి వడ్డించింది. "పోనీలే పాపా, ఆ పిట్టలకైనా షుగరు రాదు" అని నాతో అంది. నాయన కంచం ముందు నుంచి లేచిపోయాడు.

మరుసటేడు ఆ చేలో మేమూ చీనీ పెట్టాం.