మామ నీళ్ళ డ్రమ్ముల ఉడికిన పెండ్లిచీర

మా ఆడబిడ్డ పెండ్లిచీరను నా చేతులతోని నేనే ఎట్ల ఆగం చేసిన్నో చెప్త, వినండ్రి. ఎంతన్న నవ్వుకోండ్రి గానీ, మా అత్తమ్మ ముంగట మాత్రం ఈ ముచ్చట ఎత్తకండ్రి.

నేను మణుగూరుకు కోడలిగ వచ్చి అప్పటికి ఆరు నెల్లు. సెల్‌ఫోన్లు చేతులల్లకు అప్పుడప్పుడే వస్తున్న రోజులు. మహిళా సంఘమోళ్ళు చెట్ల రంగుల మీద మూడు రోజుల ట్రైనింగ్ పెడితే రెండు రోజులు పోయిన. అంతా వచ్చేసిందనుకొని ఇంటికొచ్చి, "అత్తమ్మా, స్వప్న పెండ్లిచీర నూలుకు నేనే రంగేస్త. మోదుగు పూల పసుపు. దుకాణం చీరలు దీని ముంగట దిగదుడుపే" అన్న.

"వచ్చునా నీకు?"

"ట్రైనింగ్ తీసుకున్న గదా."

ఇంగ్లీషు మాట పడేసరికి అత్తమ్మ నమ్మింది. నేసే వెంకటయ్య దగ్గర నూలు తెప్పించి, చుట్టాలందరికీ "మా కోడలు రంగేసిన చీర" అని ముందే చెప్పుకున్నది. పెండ్లికి ఇరవై రోజులున్నయి.

పినపాక అడివికి పోయి రెండు సంచుల మోదుగు పూలు ఏరుకొచ్చిన. రంగు పట్టాలని నూలును కరక్కాయ నీళ్ళల్ల నానబెట్టిన. ఉడకబెట్టనీకె మాత్రం అంత పెద్ద గిన్నె ఇంట్ల లేదు. మామ బొగ్గుబాయి నుంచి వస్తే స్నానానికి నీళ్ళు కాగబెట్టే ఇనుప డ్రమ్ము ఒకటున్నది. దాన్నే తళతళ తోమి పూలు, పటిక, నూలు అన్నీ అండ్లనే ఏసిన.

గంటకు మూత తీస్తే నూలు బూడిద రంగుల ఉన్నది.

"ఇదేంది పిల్లా, గిట్లున్నది?" అన్నది అత్తమ్మ.

"మొదలు గట్లనే ఉంటదత్తమ్మా. ఉడికితే తేటపడ్తది."

రెండో సంచి పూలు కూడ గుమ్మరించిన. ఇంకింత నల్లబడ్డది. వంటింట్ల పసుపు డబ్బా తెచ్చి బోర్లించిన. పొద్దుగూకేటాల్లకు నూలు కాటుక లెక్క తయారైంది. పెండ్లికి కట్టే రంగు కాదది, దిష్టి తీసే రంగు.

అప్పుడే డ్యూటీ దిగి మామ వచ్చిండు. దండెం మీది నూలును, తన చేతులను మార్చి మార్చి చూసిండు.

"నేనంటే బాయిల దిగొచ్చిన. ఇది ఎక్కడ దిగొచ్చింది బిడ్డా?"

నాకు ఏడుపు ఆగలే. స్వప్న నన్ను ఇంటెనక్కు తీస్కపోయి, "ఏడ్వకు వదినె. నాకు దుకాణంల పట్టుచీరే కావాల్నని ఉండె. నువ్వు చిన్నబుచ్చుకుంటవని చెప్పలే" అన్నది. సంతోషపడాల్నో సిగ్గుపడాల్నో తెల్వక రెండూ పడ్డ.

నల్లనూలుతోని వెంకటయ్య తువ్వాలలు నేసిండు. మామ ఒకటి మెడలేసుకొని పోతే, బొగ్గంటినా కనబడ్తలేదని ఆయన జతగాళ్ళు మాకంటే మాకన్నరు. ఇంకో పదిమందికి ఇప్పిస్తనని మామ మాటిచ్చిండు. పోయిన పరువు తిరిగొచ్చినట్టైంది నాకు. నల్లనూలు కోసం మళ్ళ అదే కరక్కాయ, అవే పూలు, అదే పటిక. డ్రమ్మును మాత్రం అత్తమ్మ కోపంతోని పాతసామానోనికి ఇచ్చేసి కొత్త సిల్వర్ గంగాళం తెచ్చింది. అండ్లనే ఉడకబెట్టిన.

మూత తీస్తే నూలు పచ్చగ, బంగారం లెక్క మెరుస్తున్నది. స్వప్న పెండ్లయి అప్పటికి నెల.

"ఇనుముల ఉడికిస్తే కరక్కాయ నలుపెక్కుతదమ్మా, సిల్వర్‌ల అయితే ఏం కాదు" అన్నది ట్రైనింగ్ ఇచ్చిన సంఘం మేడం, పోయి అడిగితే. అత్తమ్మ ఆ పసుపునూలును చూసింది, నన్ను చూసింది, లోపలికి పోయింది.

ఆ రోజే దేవుని పటం ముంగట దీపం పెట్టి ఒట్టేసుకున్న. నా ఒంట్ల పానం ఉన్నన్ని రోజులు, ఏ రంగొస్తదో ముందుగాల ఎవ్వలికీ చెప్ప. వచ్చినంక చూసి, ఇదే అనుకున్నననే చెప్త.