పలక మీద మూడు చుక్కలు

బోధన్‌లో మా బడి కిటికీలోంచి చూస్తే చెరుకు ట్రాక్టర్లు పోతూ కనబడతాయి. ఆరో తరగతికి సైన్సు చెప్పడమంటే ఆ ట్రాక్టర్ల మోతను మించి అరవడమే. నాకు కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది కాబట్టి అరవడం పెద్ద కష్టం కాదు.

నిరుడు ఒక రోజు బల్ల మీద మూడు గాజు గ్లాసులు పెట్టాను. ఒకదాంట్లో ఉత్త ఫిల్టర్ నీళ్లు, ఒకదాంట్లో ఉప్పు కలిపినవి, ఇంకోదాంట్లో చక్కెర కలిపినవి. చూడడానికి మూడూ ఒక్క తీరే. తలా ఒక చుక్క నాలుక మీద వేసుకొని ఏది ఏదో చెప్పాలి, అంతే పాఠం. పిల్లలు ఎగబడ్డారు.

ఒక్క పిల్ల మాత్రం బెంచీ దిగలేదు. రంజాన్ నెల. ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక ఉంటున్న మొదటి రోజా ఉపవాసం అది. సాయంత్రం ఉపవాసం విడిచే వేళకు ఇంటినిండా చుట్టాలొస్తారని, తన మెడలో పూలమాల వేస్తారని పొద్దున గేటు దగ్గరే నన్ను ఆపి మరీ చెప్పింది.

"ఒక్క సుక్కకు ఏమైతదే? ఎవలు సూస్తరు?" అని పక్కనున్న పిల్ల ఏడిపించింది.

"నేను సూస్త గదా," అంది ఈ పిల్ల.

నాకు చిర్రెత్తింది. "అయితే నాలుకతో పని లేకుండానే చెప్పు పో," అన్నాను. చెబుతుందని మాత్రం అనుకోలేదు.

గ్లాసులు ఎండకు ఎత్తి చూసింది. వాసన చూసింది. ఏమీ తేలలేదు. కాసేపు దిక్కులు చూసి, "టీచర్, మా అబ్బా అంగి మీద సెమట ఆరితే తెల్లగ సారలు పడ్తయి. గివిగూడ ఆరబెడ్త," అంది.

పక్క గదిలో ఒకటో తరగతి పిల్లల దగ్గర పలక అడిగి తెచ్చింది. మూడు గ్లాసుల్లోంచి మూడు చుక్కలు దాని మీద వేసి, కిటికీలో పెట్టింది. మార్చి ఎండ చురుక్కుమంటోంది. అందరం చుట్టూ మూగాం.

మొదటి చుక్క అంచుల నుంచి చిక్కి చిక్కి మాయమైపోయింది. జాడ కూడా లేదు. రెండోది ఆరుతూ ఆరుతూ నల్లటి పలక మీద తెల్లటి గీత విడిచింది. "అబ్బో, ఉప్పు!" అన్నారు పిల్లలు. ఏళ్లుగా చెబుతున్న పాఠమే అయినా నేనూ పలక మీదికి వంగి చూశాను. నీళ్లు తమ దారిన తాము పోతూ, అంతసేపూ దాచిపెట్టినదాన్ని మా కళ్ల ముందే వదిలేసి పోయాయి. ఇన్నేళ్లలో దీన్ని ఒక్కసారైనా నిలబడి చూడలేదెందుకా అనిపించింది.

మూడోది ఇంకా తడిగానే మెరుస్తోంది. ఆరిందో లేదోనని ఆ పిల్ల వేలితో తాకింది. వేలు అంటుకుంది. అలవాటు ఊరుకుంటుందా? ఆ వేలు తిన్నగా నోటి దగ్గరికి పోయింది.

"ఏయ్! రోజా!"

తరగతి తరగతంతా ఒక్కసారే అరిచింది. అందరికంటే గట్టిగా అరిచింది ఇందాక ఏడిపించిన పిల్లే.

వేలు పెదవి దాకా వచ్చి ఆగిపోయింది. ఆ పిల్ల చెయ్యి వీపు వెనక దాచుకొని మా అందరి మొహాలూ చూసింది.

"గిదే శక్కెర, టీచర్," అంది.