పసుపు పెట్టిన బ్యాటరీ

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. లక్సెట్టిపేట దాటాక మా ఇంటిబండి రోడ్డు పక్కన మొండికేసినప్పుడు దాని టైరును ఒక్క తన్ను తన్నాను కూడా.

ఇంటిబండి అంటే ఓ పాత మినీ బస్సు. లోపల మంచం, పొయ్యి పెట్టించి, మీట నొక్కితే ఒక పక్క గోడ మూడడుగులు బయటికి జరిగేలా చేయించాను. మా అమ్మను మేం అవ్వ అంటాం; ఆమె దాన్ని 'బయటికొచ్చే అర్ర', అంటే గది, అంటుంది. ఇదంతా మా నాన్న, బాపు కోసమే. ఏళ్ల తరబడి పవర్‌లూమ్ దగ్గర నిలబడ్డ మనిషి, తుంటి విరిగాక అరగంటకు మించి కూర్చోలేడు. గడప దాటమంటే "నాతోని మీకెందుకు పరేషాన్" అనేవాడు. ఏడాది బతిమాలితే కరీంనగర్ నుంచి కడెం డ్యాం చూడడానికి ఒప్పుకున్నాడు. ఈసారి చెడితే మళ్లీ రాడని నాకు తెలుసు.

భోజనాలకు ఆగి అర్రను బయటికి జరిపాం. మూలుగుతూ వచ్చింది. సంబరంలో పట్టించుకోలేదు. తిన్నాక లోపలికి జరపబోతే కటక్‌మని ఆగిపోయింది. అది బయటికి పొడుచుకుని ఉంటే బండి నడపలేం. లైట్లు వెలుగుతున్నాయి, ఫ్యాను తిరుగుతోంది, మోటారు మాత్రం కదలదు! ఫ్యూజు బాగానే ఉంది. అర్రకు విడిగా పెట్టిన బ్యాటరీకి మీటరు పెడితే పన్నెండున్నర వోల్టులు చూపించింది. మరేం రోగం?

"నేను ముందే జెప్పలే? ఇంటికి పోదాం పా" అన్నాడు బాపు మంచం మీంచి. ఇంతలో ఆయనే, "ఆగు, ఇంకొక్కపారి నొక్కు" అన్నాడు. నొక్కాను. కటక్.

"మోటరు తప్పు గాదు బిడ్డా. దానికి కరెంటు నిండుగ అందుతలేదు. మా మగ్గం గూడ గిట్లనే చేసేది. వైరు అతికేకాడ సూడు."

ఈసారి మీటరును వైరును బ్యాటరీకి బిగించే క్లాంపు మీద పెట్టి, అవ్వను మీట నొక్కమన్నాను. పన్నెండున్నర కాస్తా ఏడుకు పడిపోయింది. దొరికాడు దొంగ! క్లాంపు ఊడదీస్తే లోపల గట్టిపడిన పచ్చటి పొర.

అవ్వ ముఖం చిన్నబోయింది. "పసుపు బిడ్డా. దసరనాడు మగ్గానికి పెట్టినట్టే దీనికి గూడ పెట్టిన. నువ్వు గప్పటికి వైర్లు బిగియ్యలే."

చూసుకోకుండా బిగించింది నేనే, ఇక అవ్వనేం తిట్టను? బాపు మాత్రం "బ్యాటరీకి పెండ్లి జేసినవానే!" అని పడీపడీ నవ్వాడు. ఆయన అంతగా నవ్వి ఎన్నాళ్లయిందో.

గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించి, మీట నొక్కాను. అర్ర సర్రున లోపలికి వచ్చేసింది! అవ్వ చప్పట్లు కొట్టింది. నేను రోడ్డు మీదే గంతులేశాను. లారీ డ్రైవర్లు చూస్తున్నా సిగ్గనిపించలేదు.

స్టీరింగు ముందు కూర్చుని భయంభయంగా అడిగాను. "బాపూ, ఇంటికా, కడెంకా?"

"కడెం సరే" అన్నాడు బాపు, కిటికీ తెర పక్కకు లాగుతూ. "కడెం దాటినంక ఏమొస్తది?"